వాయిదా వేసిన పనికి వాయిదాల పద్ధతి: కీ టైమర్‌తో నాలుగు నెలలు

గత జూన్‌లో బెంగళూరు చిక్‌పేటలోని ఒక స్టీలు సామాన్ల దుకాణంలో 340 రూపాయలు పెట్టి వంటింటి టైమర్ ఒకటి కొన్నాను. బ్యాటరీ అక్కర లేదు, తిప్పితే నడిచే రకం. గుండ్రంగా అరచేతిలో ఇమిడిపోతుంది. ముఖం మీద 0 నుంచి 60 వరకు అంకెలు, వెనక ఫ్రిజ్‌కు అంటించుకోవడానికి అయస్కాంతం, లోపల స్ప్రింగు, చివర్లో మోగడానికి ఒక చిన్న గంట ఉన్నాయి. చెప్పుకోదగిన కంపెనీ పేరేదీ దాని మీద లేదు. బేకరీ వాళ్లు ఎక్కువగా కొంటారని దుకాణదారు చెప్పారు. నేను మాత్రం వంట కోసం కొనలేదు. పద్నాలుగు నెలలుగా మొదలుపెట్టలేకపోతున్న ఒక పని కోసం కొన్నాను. నాలుగు నెలలు రోజూ వాడాక, ఇలాంటి ఇబ్బందిలోనే ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందు ఆ పని ఏమిటో చెప్పాలి, ఎందుకంటే టైమర్ పనికొచ్చిందా లేదా అన్నది పని స్వభావాన్ని బట్టి ఉంటుంది. మాది మదనపల్లె. ఇరవై ఏళ్లుగా బెంగళూరులో, రామమూర్తినగర్‌లో ఉంటున్నాం. నాన్నగారు పోయిన తరువాత ఆయన కాగితాలన్నీ ఉన్న గోధుమరంగు అటాచీ కేసును ఇక్కడికి తెచ్చి బీరువా మీద పెట్టాను. బ్యాంకు ఖాతా, ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్, ఎకరంన్నర పొలం, ఇంటిపన్ను, వీటన్నిటినీ అమ్మ పేరు మీదికి మార్పించాలి. తమ్ముళ్లు లేరు, చెల్లెలు తిరుపతిలో ఉద్యోగం చేస్తోంది, కనుక ఆ బాధ్యత నాదే. నేను ఇంటి నుంచే మూడు చిన్న వ్యాపారాలకు జీఎస్టీ లెక్కలు చూస్తాను. నెలవారీ రిటర్ను మరుసటి నెల 20వ తేదీలోపు వేయాలి కనుక ఆ పని నేనెప్పుడూ ఆలస్యం చేయలేదు. బద్ధకం నా స్వభావమే అయితే ముందుగా ఆ పనే ఆగిపోయి ఉండాలి. తేదీ ఉన్న పని నడిచింది. తేదీ లేనిదీ, మనసుకు కష్టమైనదీ బీరువా మీదే ఉండిపోయింది.

ఈ తేడాను గుర్తించడానికి నాకు చాలా కాలం పట్టింది. పనిని వాయిదా వేయడం సమయపాలన తెలియకపోవడం వల్ల కాక, ఆ పని తలచుకుంటే కలిగే బాధ నుంచి ఆ క్షణానికి తప్పించుకోవడానికి జరుగుతుందని ఫ్యూషియా సిరోయ్, టిమ్ పిచిల్ అనే మనస్తత్వ పరిశోధకులు 2013లో ఒక వ్యాసంలో వాదించారు. నా విషయంలో అది అక్షరాలా నిజం. ప్రతి ఆదివారం ఉదయం ఇవాళ అటాచీ దించుదాం అనుకునేదాన్ని. కాఫీ తాగేసరికి ఇల్లు తుడవాల్సిన అవసరం ఎక్కడ లేనంతగా గుర్తొచ్చేది. చిన్నప్పుడు మా వైపు ఇళ్ల తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని సుద్దతో రాసేవారు, కన్నడం వాళ్లు దాన్నే ‘నాళె బా’ అని రాసేవారు. రాత్రి తలుపు తట్టడానికి వచ్చినది ఆ మాట చదివి వెళ్లిపోయి, మరునాడు వచ్చి మళ్లీ అదే చదువుతుందని పెద్దవాళ్లు చెప్పేవారు. పద్నాలుగు నెలలు నేను ఆ అటాచీకి అదే మాట చెప్పి పంపించాను.

ఇక టైమర్ విషయం. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, నాలుగు విడతల తరువాత పెద్ద విరామం అనే పద్ధతిని ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ దేశస్థుడు 1980ల చివర్లో విద్యార్థిగా ఉన్నప్పుడు రూపొందించుకున్నారు. ఆయన వాడినది టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్. ఇటాలియన్‌లో టమాటాను పొమొడోరో అంటారు కనుక ఆ పద్ధతికి అదే పేరు స్థిరపడింది. టమాటా మార్కెట్‌కు పేరుపడిన ఊరి మనిషిని కావడంతో ఈ పేరు ఒక్కసారి వినగానే నాకు గుర్తుండిపోయింది. అయితే నేను మొదట ప్రయత్నించింది ఫోనులోని యాప్‌లను. మూడు మార్చాను. వాటి లోపం ఒక్కటే: టైమర్ పెట్టడానికి ఫోను చేతిలోకి తీసుకోవాలి, తీసుకోగానే అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ గురించిన చర్చ కనబడుతుంది, పని మొదలు కాకముందే పదిహేను నిమిషాలు గడిచిపోతాయి. తప్పించుకోవడానికి దారి వెతుకుతున్న మనసుకు దారి చూపించే పరికరంలోనే టైమర్ కూడా ఉండటం సరైన ఏర్పాటు కాదని నాకు అనిపించింది.

చిక్‌పేట టైమర్‌లో చూడటానికి ఏమీ లేదు. దాన్ని ముందు 60 దాకా పూర్తిగా తిప్పి, తరువాత కావలసిన అంకె దగ్గరకు వెనక్కి తేవాలి. నేరుగా 10 దగ్గర ఆపితే స్ప్రింగు తగినంత బిగుసుకోక గంట బలహీనంగా మోగుతుంది, ఒక్కోసారి మోగనే మోగదు. ఈ సంగతి డబ్బా మీద రాసి లేదు, దుకాణదారు చెప్పకపోయి ఉంటే పాడైందనుకుని తిరిగి ఇచ్చేసేదాన్ని. అలా తిప్పేటప్పుడు వేళ్లకు తగిలే బిగువు, వదలగానే మొదలయ్యే టిక్ టిక్ శబ్దం, ఈ రెండూ కలిసి పని మొదలైందని శరీరానికి చెబుతాయి. దీపం వెలిగించాక పూజ మొదలైనట్టే అనిపిస్తుంది. ఫోను అద్దం మీద వేలు ఆనించినప్పుడు నాకు ఈ భావన ఎప్పుడూ కలగలేదు.

మొదటి రోజు చేసిన పనిని వివరంగా చెబుతాను. ముందు రాత్రి ఒక చీటీ మీద ఇలా రాసుకున్నాను: ‘కాఫీ గ్లాసు సింకులో పెట్టగానే అటాచీని కిందికి దించి, తడిగుడ్డతో తుడిచి, తెరవాలి. కాగితాలు చదవకూడదు. పది నిమిషాలు.’ ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను అని ముందుగానే ముడిపెట్టుకున్న సంకల్పం, ఊరికే చేయాలి అనుకున్న సంకల్పం కంటే ఎక్కువగా అమలవుతుందని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1990ల నుంచి చేసిన పరిశోధనలు చూపించాయి. ఆ చీటీ నాకు చేసిన మేలు ఏమిటంటే, ఉదయం లేచాక ఆలోచించవలసినది ఏమీ మిగల్చలేదు. గ్లాసు సింకులో పెట్టాను, టైమర్ తిప్పాను, స్టూలు ఎక్కి అటాచీ దించాను. మూత మీద దుమ్ము తుడుస్తుంటే పక్కన టిక్ టిక్ వినబడుతోంది. తాళం అంకె మా చెల్లెలు పుట్టిన తేదీ. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన, దాని కింద నాన్నగారి సర్దుబాటు: కరెంటు బిల్లుల రసీదులు సంవత్సరాల వారీగా గుండుసూదులతో గుచ్చి, సూదులు తుప్పుపట్టి కాగితం మీద గోధుమరంగు మరకలు చేసి ఉన్నాయి. ప్రతి కవరు మీద నీలి సిరాతో ‘అసలు’ అని గానీ ‘నకలు’ అని గానీ ఆయన చేతిరాత. నేను చదవకూడదని రాసుకున్నాను కనుక చదవలేదు, కానీ ఒక కవరు మీద ‘ఇంటిపన్ను, అసలు, పెద్దమ్మాయికి చెప్పాలి’ అని ఉండటం కంటపడింది. పెద్దమ్మాయిని నేనే. అప్పుడే గంట మోగింది.

ఆ గంట మోగకపోయి ఉంటే నేను ఆ కవరు దగ్గరే కూలబడి, ఆ రోజంతా ఏడ్చి, మళ్లీ ఆరు నెలలు అటాచీ జోలికి వెళ్లి ఉండేదాన్ని కాదు. పది నిమిషాలని నాకు నేను మాట ఇచ్చుకున్నాను కనుక మూత వేసి లేచాను. ఆ రోజంతా నా ఆలోచన ఆ కవరులో ఏముందన్న దాని చుట్టూనే తిరిగింది, మరునాడు ఉదయం చీటీ లేకపోయినా అటాచీ దగ్గరకు వెళ్లేదాన్నే. సగంలో ఆపించిన పనిని, ఎవరూ చెప్పకపోయినా, మనిషి తనంతట తాను మళ్లీ అందుకోవాలని చూస్తాడని బెర్లిన్‌లో మనస్తత్వవేత్త కుర్ట్ లెవిన్ శిష్యురాలు మరియా ఒవ్‌స్యాంకినా 1928లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. ఇన్నాళ్లూ నేను ఆ పనిని పూర్తి చేయాల్సిన పనిగా మాత్రమే చూశాను; సగంలో ఉన్న పనిగా మారగానే దాని లాగుడు ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. కవరులో ఉన్నది ఇంటిపన్ను పాత అసెస్‌మెంటు నంబరు, కొత్త నంబరు, రెండిటి మధ్య తేడా ఎందుకు వచ్చిందో అరపేజీ వివరణ.

తెలుగులో వాయిదా అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. కేసు వాయిదా పడటం ఒకటి, మిక్సీని వాయిదాల పద్ధతిలో కొనడం రెండోది. మొదటిదానిలో పని ముందుకు జరిగిపోతుంది, రెండోదానిలో కొంచెం కొంచెంగా తీరిపోతుంది. ఈ టైమర్ నాకు చేసిపెట్టినది ఆ మాటను మొదటి అర్థం నుంచి రెండో అర్థంలోకి తీసుకురావడమే. తొలి రెండు వారాలు రోజుకు ఒక పది నిమిషాల వాయిదా, తరువాత ఒక ఇరవై అయిదు నిమిషాల వాయిదా చెల్లించాను. అయిదో రోజుకు మరణ ధ్రువీకరణ పత్రం నకళ్లు లెక్కపెట్టి మరో ఆరు కావాలని రాసుకున్నాను. తొమ్మిదో రోజుకు బ్యాంకు క్లెయిము ఫారం నింపడం మొదలైంది. నామినీగా అమ్మ పేరే ఉంది. అలాంటి ఖాతాలో కాగితాలన్నీ అందిన తరువాత 15 రోజుల్లో బ్యాంకు డబ్బు ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. బ్యాంకు చేయవలసిన పని పదిహేను రోజులది, దాన్ని బ్యాంకు దాకా చేర్చడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. పదేళ్ల పాటు ఎవరూ అడగని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి బదిలీ చేయాలి; తరువాత కూడా వారసులు అడిగి తీసుకోవచ్చు గానీ అక్కడిదాకా వెళ్లిన ఇళ్లలో చాలామంది నాలాగే బీరువా మీద ఒక పెట్టె ఉంచుకున్నవాళ్లే అయి ఉంటారని ఇప్పుడు నాకు అర్థమవుతోంది.

ఈ పరికరం ఒక్కటే అంతా చేసిందని చెబితే అది నిజం కాదు. పొలం కాగితాల దగ్గర టైమర్ నాకు ఏమాత్రం సహాయపడలేదు. పట్టాదారు పాసుపుస్తకం, 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు, తహసీల్దారు కార్యాలయం ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వీటిలో ఏది ముందు ఏది తరువాత అన్నది నాకు తెలియదు. తెలియని దాని ముందు టైమర్ తిప్పి కూర్చుంటే టిక్ టిక్ శబ్దం భయాన్ని పెంచుతుందే తప్ప తగ్గించదు. వరుసగా మూడు రోజులు గంట మోగేదాకా ఉత్తినే కూర్చుని లేచాను. అప్పుడు చెల్లెలు ఒక ఉపాయం చెప్పింది: ‘అక్కా, వీడియో కాల్ పెట్టి ఫోను గోడకు ఆనించు. నేనిక్కడ చింతపండు గింజలు తీసుకుంటూ ఉంటాను, నువ్వక్కడ నీ పని చేసుకో. నాతో మాట్లాడక్కర్లేదు.’ ఆ సాయంత్రం మేమిద్దరం నలభై నిమిషాలు దాదాపు మౌనంగా ఉన్నాం. మధ్యలో ఒకసారి నేను అడంగల్‌లో సర్వే నంబరు చదివితే, అది బావి పక్క చెక్క కదా అని తనన్నది, అంతే. మరునాడు ఊళ్లోని గ్రామ సచివాలయానికి ఫోను చేసి ఏ కాగితం ముందు కావాలో అడగగలిగాను. తరువాతి అడుగు ఏమిటో తెలిసిన పనికి టైమర్ చాలు. తెలియని పనికి ముందు ఒక మనిషి కావాలి, లేదా తెలిసినవాళ్లకు చేసే ఒక ఫోను కావాలి; ఆ ఫోను చేయడాన్నే పది నిమిషాల పనిగా చీటీ మీద రాసుకోవచ్చు.

మా అబ్బాయి సెకండ్ పీయూసీ, అంటే మన ఇంటర్ రెండో ఏడాది, చదువుతున్నాడు. వాడికి కూడా ఇది పనికొస్తుందని ఆశపడ్డాను. రసాయనశాస్త్రం నోట్సు రాసుకోవడానికి వాడు సంతోషంగానే వాడాడు గానీ గణితానికి వద్దన్నాడు. ‘అమ్మా, ఇంటిగ్రేషన్ సగంలో ఉండగా మోగుతోంది, మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సి వస్తోంది’ అన్నాడు. వాడి మాట సబబే. చేతిలో పని సాగుతున్నప్పుడు 25 నిమిషాలన్న అంకెకు కట్టుబడి ఉండవలసిన అవసరం లేదు. కూర్చోవడమే కష్టమైన రోజున వాడు గణితానికి కూడా టైమర్ తిప్పుతాడు, మోగాక పట్టించుకోకుండా కొనసాగిస్తాడు. నాకు మాత్రం, ముఖ్యంగా నాన్నగారి కాగితాల విషయంలో, మోగగానే ఆపడమే మేలు చేసింది. ఎంత కష్టమైనా పది నిమిషాల తరువాత విడిచిపెడతారన్న నమ్మకం ఉంటేనే మనసు మరునాడు కూడా రావడానికి ఒప్పుకుంటుంది. ఒక్కసారి ఆ మాట తప్పి రెండు గంటలు కూర్చోబెడితే మరునాడు మళ్లీ ఇల్లు తుడవాల్సిన అవసరం గుర్తొస్తుంది. ఇది నేను జూలైలో ఒక శనివారం అత్యుత్సాహంతో చేసిన పొరపాటు వల్ల తెలుసుకున్నది. ఆ తరువాత పదకొండు రోజులు అటాచీ తెరవలేదు.

ఆ పదకొండు రోజుల తరువాత మళ్లీ ఎలా మొదలుపెట్టానో కూడా చెప్పాలి, ఎందుకంటే ఏ పరికరం కొన్నా ఇలాంటి విరామం తప్పకుండా వస్తుంది. ఇంతకుముందైతే నన్ను నేను తిట్టుకుంటూ ఇంకో నెల గడిపేదాన్ని. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ వోల్, ఆయన సహచరులు విద్యార్థుల మీద చేసి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు తరువాతి పరీక్షకు తక్కువగా వాయిదా వేసినట్టు తేలింది. అది చదివినప్పుడు నాకు అమ్మ గుర్తొచ్చింది. ఆ కాగితాల ఊసు పద్నాలుగు నెలల్లో అమ్మ ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనే సిగ్గుపడి ఫోనులో చెబితే, ‘నీ చేతులాడలేదులే, ఆడినప్పుడు చూద్దువు’ అంది. ఆ మాటను నాకు నేను చెప్పుకుని, పన్నెండో రోజు ఉదయం అయిదు నిమిషాలకే టైమర్ పెట్టి, ఒక్క కవరు మీది పేరు మాత్రం చదివి మూత వేశాను.

ఇక వస్తువులోని లోపాలు. టిక్ టిక్ శబ్దం తగ్గించే వీలు లేదు. చెక్కబల్ల మీద పెడితే రెట్టింపు వినబడుతుంది. మడతపెట్టిన తువ్వాలు మీద పెడితే సర్దుకుంటుంది. గంట సుమారు మూడు క్షణాలు మోగుతుంది, దాన్ని ఆపలేం, కనుక ఆఫీసుల్లోనూ లైబ్రరీల్లోనూ పసిపిల్లలు నిద్రపోయే గదిలోనూ ఇది పనికిరాదు. ఫోను గడియారంతో చాలాసార్లు పోల్చి చూశాను. 25 నిమిషాలకు పెడితే ఒక నిమిషం అటూ ఇటూ అవుతుంది. నా పనికి ఆ తేడా లెక్కలోది కాదు, కేకు చేసేవాళ్లు ఆలోచించుకోవాలి. అయస్కాంతం బలహీనం, ఫ్రిజ్ తలుపు గట్టిగా వేస్తే రెండుసార్లు కింద పడింది, అదృష్టవశాత్తు నడుస్తూనే ఉంది. నూనె చేతులతో పట్టుకోవడం వల్ల 40, 45 అంకెలు అప్పుడే చెరిగిపోయాయి. మధ్యలో ఎవరైనా కాలింగ్ బెల్ కొడితే కాసేపు ఆపి మళ్లీ కొనసాగించే సౌకర్యం లేదు. మొదట ఇది లోపమనిపించింది గానీ, ఆపే మీట ఉన్న యాప్‌లో నేను ఆ మీటను ఎన్నిసార్లు నొక్కానో గుర్తు చేసుకుంటే ఇలా ఉండటమే మంచిదనిపిస్తోంది. ఆన్‌లైన్‌లో ఇంతకంటే అందమైనవి, మిగిలిన సమయాన్ని ఎర్ర పళ్లెంలా చూపించేవి ఇంకా ఎక్కువ ధరలకు దొరుకుతాయి. చిన్నపిల్లలకు అవి నయం, ఎంత మిగిలిందో కంటికి కనబడుతుంది కనుక. పెద్దవాళ్లకు ఆ అదనపు ఖర్చు అవసరమని నేననుకోను.

అయిదు మార్కులకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక్కటీ చెరిగిపోయే అంకెలకు. అమ్మ ఖాతాలోకి ఆగస్టులో బ్యాంకు డబ్బు చేరింది, ఇంటిపన్ను పేరు మారింది, పొలం రికార్డుల్లో పేరు మార్చే మ్యుటేషన్ దరఖాస్తు రసీదు అటాచీలో నాన్నగారి కవర్ల పక్కన ఉంది. దాని మీద నేనూ నీలి సిరాతోనే ‘అసలు’ అని రాశాను.

కొనదలచుకున్నవాళ్లు చిక్‌పేట మెట్రోలో దిగి వెళ్తే పాత్రల దుకాణాలు నడిచేంత దూరంలోనే ఉన్నాయి. ఆదివారం కొన్ని మూసి ఉంటాయి, మిగతా రోజుల్లో ఉదయం పూట రద్దీ తక్కువ. డబ్బులిచ్చే ముందు టైమర్‌ను చేతిలోకి తీసుకుని, 60 దాకా తిప్పి, 5 దగ్గరకు తెచ్చి, గంట మోగేదాకా దుకాణంలోనే నిలబడండి. నేను చూసినవాటిలో రెండు మధ్యలోనే ఆగిపోయాయి. దుకాణదారు విసుక్కోకుండా మూడోదాన్ని తీసి ఇచ్చారు. చెల్లెలి కోసం మొన్న మరొకటి కొన్నప్పుడు కూడా ఆ అయిదు నిమిషాలు అక్కడే నిలబడ్డాను.